‘మీట నొక్కండి’ రాసింది నా మీదే, తిట్టింది నా మీదే

నేను ఒక ల్యాప్‌టాప్‌ని. నా ముక్కలు ఏయే దేశాల్లో తయారయ్యాయో నాకే సరిగ్గా తెలియదు. తెర ఒకచోట, బ్యాటరీ ఒకచోట, అక్షరాల మీటలు ఇంకెక్కడో. అన్నిటినీ ఒక కర్మాగారంలో కలిపి బిగించి, అట్టపెట్టెలో పెట్టి హైదరాబాదు పంపారు. ఆ పెట్టె తెరిచినవాడు మురారి. నా బతుకు అక్కడే మొదలైందనుకోండి.

మురారి అప్పట్లో ఒక వార్తా ఛానెల్లో పనిచేసేవాడు. టీవీ తెర అడుగున పరుగెత్తే వార్తల వరుసలు ఉంటాయే, అవి రాయడం అతని పని. ఎక్కడో ప్రమాదం, ఎవరిదో రాజీనామా, రేపటికి వాన. రోజంతా ఇతరుల సంగతులు ముక్కలు ముక్కలుగా రాసి, గదికి వచ్చాక తన సంగతి పూర్తి వాక్యాల్లో రాసుకోవాలని తపించేవాడు. మోతీనగర్‌లో ఒక గది. తల్లి సాయవ్వ, అతను. భర్త పోయాక సాయవ్వ జనగామ వైపు నుంచి కొడుకును వెంటబెట్టుకుని నగరానికి వచ్చి, అపార్టుమెంట్లలో మెట్లు తుడిచి అతన్ని చదివించింది.

ఆమె పనిచేసిన ఒక భవనంలో, పనివాళ్ళు లిఫ్టు ఎక్కకూడదని కాగితం అంటించి ఉండేది. మురారి కాలేజీలో ఉండగా ఒకసారి తాళంచెవి కోసం అక్కడికి వెళ్ళాడు. మెట్ల మలుపులో తల్లి గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. నీళ్ళ బకెట్టు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటోంది. కొడుకును చూసి నవ్వింది. అతను నవ్వలేకపోయాడు. ఆ దృశ్యం అతన్ని ఏళ్ళ తరబడి కూర్చోనివ్వలేదు.

చివరికి అది నా మీద కథ అయింది. ఓటీటీ కోసం ఒక సంస్థ ‘మీట నొక్కండి’ అనే సిరీస్ తలపెట్టి, రాసే పని మురారికి ఇచ్చింది. ఒక్కో ఎపిసోడ్ ఒక్కో కథ. అన్నీ రేపో మాపో రాబోయే యంత్రాల గురించే. ఎదుటివాడి అబద్ధాలు ఎర్రగా కనబడే కళ్ళజోడు ఒక కథలో, తల్లిదండ్రులకు పిల్లలు రోజూ మార్కులు వేసే బడి ఇంకో కథలో. వాటన్నిటి మధ్యా ‘ఆరో అంతస్తు’. అందులో లిఫ్టు తన ముందు నిలబడ్డవాళ్ళ మొహం చూసి, ఇరుగుపొరుగు వాళ్ళకు వేసిన మార్కులు లెక్కగట్టి, తలుపు తియ్యాలో వద్దో తేల్చుకుంటుంది. మురారి ఒక వాక్యం కొట్టి, లేచి కిటికీ దాకా వెళ్ళి, వచ్చి చెరిపి, మళ్ళీ అదే వాక్యం కొట్టేవాడు. నాకు ఊపిరాడేది కాదు.

సిరీస్ విడుదలైంది. ఆ రోజు అతను సెలవు పెట్టి నా ముందు కూర్చున్నాడు. రివ్యూలు ఒకటొకటే వచ్చాయి. ఒకాయన దాన్ని “భయాల పచారీ కొట్టు” అన్నాడు. ఇంకొకాయన “పరాయి సరుకుకు తెలుగు చొక్కా తొడిగారు” అన్నాడు. “లిఫ్టు పనిచేయకపోతే మెకానిక్కును పిలవాలి గానీ ఇంత ఏడుపెందుకు?” అని కింద ఎవరో రాశారు. దానికి వందలమంది నవ్వు బొమ్మలు పెట్టారు. మురారి పేజీని మళ్ళీ మళ్ళీ తాజా చేస్తూనే ఉన్నాడు, ఈసారి నొక్కితే లోకం మనసు మార్చుకుంటుందేమో అన్నట్టు. యంత్రం తమకు మార్కులు వేస్తుందని మనుషులు భయపడతారని కథ రాసినవాడు, మనుషులు వేసే స్టార్ల కోసం అన్నం మానేసి కూర్చున్నాడు.

వారం తిరిగేసరికి ఒక సమీక్ష వచ్చింది. రాసింది తబిత. చీరాల మనిషి. మురారి కంటే పెద్దది. ఇద్దరూ ఒకప్పుడు ఒకే ఛానెల్లో పనిచేశారు. తర్వాత ఆమె అది వదిలేసి, ఒక వెబ్‌సైటుకు సిరీస్‌ల మీద విమర్శలు రాస్తోంది. రాయబోతున్నానని అతనికి మాటమాత్రం చెప్పలేదు. ఆమె ఇలా రాసింది: “అందరూ లిఫ్టు గురించే మాట్లాడుతున్నారు. మెట్ల మలుపులో బకెట్టు చెయ్యి మార్చుకునే మనిషిని ఎవరూ చూసినట్టు లేదు. ఈ కథలో యంత్రం కొత్తగా చేసిందేమీ లేదు. మనం పైకి అనడానికి సిగ్గుపడిన మాటను సిగ్గు లేకుండా అంటోంది, అంతే.”

మురారి అది తల్లికి పైకి చదివి వినిపించాడు.

“ఎవలు బిడ్డా గీ అమ్మ? నన్ను దగ్గరుండి చూసినట్టే రాసింది” అంది సాయవ్వ. “ఒకపారి ఇంటికి పిలువు.”

తబిత వచ్చింది. నేల మీద కూర్చుని జొన్నరొట్టె తిన్నది. సాయవ్వ మోకాళ్ళ మీద చేతులు ఊని లేవబోతుంటే సాయం చెయ్యబోయింది. ముసలామె ఆ చేతిని పక్కకు నెట్టేసి, తనంతట తనే లేచింది.

తబిత సమీక్ష చదివి జనం సిరీస్‌ను మళ్ళీ చూశారు. గాలి మారింది. పచారీ కొట్టు అన్న పెద్దమనిషి కూడా ఇంకో వ్యాసం రాశాడు. తొలిరోజు నుంచీ తాను చెబుతున్నది ఇదేనన్నట్టు ఉంది అందులో. మురారికి పేరొచ్చింది. సంస్థవాళ్ళు అతనికి కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారు. తబిత ల్యాప్‌టాప్ కాలిపోయిందని తెలిసి, నన్ను చంకన పెట్టుకుని మల్కాజిగిరిలో ఆమె ఇంటికి తీసుకెళ్ళాడు.

“అక్కా, ఇది వెట్టుకో. ‘ఆరో అంతస్తు’ దీని మీదనే రాసిన.”

“నాకెందుకు మురారీ? రేపు నిన్ను తిట్టాల్సొస్తే దీని మీదే తిట్టాలి.”

“తిట్టు. నువ్వు తిడితే నాకేం బాధ గాదు.”

అతను ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. అబద్ధమాడినప్పటి కంటే మనస్ఫూర్తిగా అన్నప్పుడే మనుషులు ఎక్కువ చిక్కుల్లో పడతారని నాకు తర్వాత తెలిసింది.

రెండో విడత సిద్ధమైంది. ఈసారి ఊరంతా పోస్టర్లు. విడుదలకు ముందే విమర్శకులకు చూసే వీలు కల్పించారు. తబిత పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని నన్ను తెరిచింది. మొదటి కథలు హంగుగా ఉన్నాయి. ఆమె పెద్దగా మాట్లాడలేదు. తర్వాత ‘మోకాళ్ళు’ అనే ఎపిసోడ్ మొదలైంది. మెట్లు తుడిచే ఒక ముసలామె పని యంత్రానికి పోతుంది. కెమెరా ముందు బతిమాలుకుని జనం ఓట్లు సంపాదిస్తే పని తిరిగి ఇస్తామంటుంది కంపెనీ. ఆమె మోకాళ్ళ మీద పడి, యంత్రం కాళ్ళలాంటి చక్రాలను పట్టుకుని ఏడుస్తుంది. కెమెరా కదలదు. వెనక సంగీతం పెరుగుతూ పోతుంది.

తబిత బొమ్మను ఆపేసింది. ఆ నటి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకున్న తీరు సాయవ్వదే. ముక్కుపుడక సాయవ్వదే. ఆమె నా మూత వేసింది. లేచి బియ్యం కడిగింది. వచ్చి మూత తీసింది. ఒక వరుస రాసింది, చెరిపింది, మళ్ళీ మూత వేసింది. ఆ పూటంతా నాకు నిద్రా లేదు, మెలకువా లేదు.

వెబ్‌సైటు సంపాదకుడు పద్మనాభం ఫోన్ చేశాడు. “అందరూ నాలుగు స్టార్లు ఇస్తున్నారు తబితగారూ. మనం తక్కువిస్తే ఒంటరివాళ్ళం అయిపోతాం.”

“అయిపోతే ఏమవుతుందండీ?”

“ఏమీ అవదు... బాగోదు.”

ఆ తర్వాత మురారి. “అక్కా, చూసినవా?”

“చూస్తున్నా.”

“‘మోకాళ్ళు’ ఎట్లుంది?”

“రాస్తాను మురారీ. ఫోన్లో చెప్పను.”

“గంతేనా?”

“అంతే.”

ఫోన్ పెట్టేసి ఆమె చాలాసేపు నా మీటల మీద వేళ్ళు ఆనించి ఉంచింది, నొక్కకుండా. అతని వేళ్ళకు అరిగిన మీటలవి. ఆ తర్వాత ఆగకుండా కొట్టింది: “తొలి విడతలో యంత్రం మనుషుల గుట్టు బయటపెట్టింది. ఈ విడతలో రచయిత మనుషుల్ని యంత్రం ముందు పడేసి, ఎంతసేపు ఏడుస్తారో చూస్తున్నాడు. ఓట్ల కోసం ఆమెను ఏడిపించిన కంపెనీని మనం అసహ్యించుకోవాలట. కానీ ఆ ఏడుపు మీద కెమెరాను అంతసేపు నిలబెట్టింది ఆ కంపెనీ కాదు.”

అది వెబ్‌సైటులో వచ్చిన మర్నాడు పొద్దున్నే మురారి వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

“ఎందుకు రాసినవక్కా గట్ల? అందరు మెచ్చుకుంటున్నరు. నువ్వొక్కదానివే.”

“అందరూ మెచ్చుకుంటుంటే నా ఒక్కదాని మాటకు ఇంత పొద్దున్నే ఎందుకొచ్చావు?”

“అది మా అమ్మ కథ. నా ఇష్టమొచ్చినట్టు రాసుకుంట.”

“మీ అమ్మ కథే. అందుకే రాశాను. ఆవిడను అడిగావా?”

అతని మొహం కందగడ్డలా అయింది. బల్ల మీద ఉన్న నన్ను చూశాడు. “నా దాని మీదనే కూసొని నన్ను తిట్టినవు. ఇచ్చెయ్యి.”

తబిత వైరు చుట్టి, నన్ను అతని చేతుల్లో పెట్టింది. గుమ్మం దాటుతుంటే “జాగ్రత్తగా వెళ్ళు” అని మాత్రం అంది.

మోతీనగర్ గది మారిపోయి పెద్ద ఫ్లాటు అయింది గానీ మురారి మారలేదు. అదే నడక, అదే కిటికీ. స్టార్లు నిండుగా వచ్చాయి. అయినా అతను తెరిచేది తబిత రాసిన పేజీనే. ఇంతలో సంస్థవాళ్ళు ఆ ఏడుపు ముక్కను కత్తిరించి ప్రచారానికి వదిలారు. జనం దాన్ని పట్టుకున్నారు. పరీక్ష తప్పినవాడు, సెలవు దొరకనివాడు, క్రికెట్ ఓడినవాడు, అందరూ ఆ ముసలామె మొహం కింద తమ గోడు రాసి నవ్వుకున్నారు. యంత్రాల క్రూరత్వం చూసి చలించిపోయామని రాసినవాళ్ళే దాన్ని ఒకరికొకరు పంపుకున్నారు.

ఒక మధ్యాహ్నం సాయవ్వ చిక్కుళ్ళకు ఈనెలు తీస్తుంటే మురారి అడిగాడు. “అమ్మా, నా ‘మోకాళ్ళు’ చూసినవా?”

“చూసిన బిడ్డా. గా నటించినామె మంచిగనే ఏడ్సింది.” ఆమె చేతులు ఆగలేదు. “గని నేనెప్పుడు గట్ల ఏడ్వలే. మెట్లెక్కిన, దిగిన. కాళ్ళు గుంజినయి. ఒక్కల కాళ్ళ మీద పడలే. నువ్వెందుకు నన్ను పడగొట్టినవు?”

మురారి చిక్కుళ్ళ పళ్ళెం దగ్గరికి లాక్కుని, తలవంచుకుని తనూ ఈనెలు తియ్యసాగాడు.

ఆ ముక్కను తీసెయ్యమని సంస్థను అడిగాడు. “అన్నిటికంటే బాగా పోతోంది అదే కదా సార్” అన్నారు వాళ్ళు. ఎంత పోరినా తియ్యలేదు. మూడో విడత తాను రాయనని చెప్పి బయటికి వచ్చేశాడు. వేరేవాళ్ళు రాశారు. అది మునుపటి కంటే గొప్పగా ఉందని చాలామంది మెచ్చుకున్నారు.

ఆ తర్వాత ఒక ఆదివారం, తబిత ప్రార్థనకు వెళ్ళి తిరిగొచ్చే వేళకు, మురారి ఆమె ఇంటి మెట్ల మీద నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

“ఇది నీదే అక్కా.”

“మళ్ళీ కోపమొస్తే?”

“వచ్చి తీస్కపోత.”

తబిత నవ్వి తలుపు తీసింది. అన్నం పెట్టింది. తింటూ అన్నాడు: “కొత్త సినిమా రాస్తున్న. యంత్రాలు లేవు. చదువుతవా?”

“వద్దు. వచ్చాక అందరితో పాటే చూస్తా.”

అతనికి కష్టం కలిగింది. అయినా తల ఊపాడు. “బాగలేకపోతే గిట్లనే రాస్తవా?”

“ఇట్లాగే రాస్తా. పెరుగు వేసుకో.”

ఆ కొత్తది విడుదల కాకముందే నా బ్యాటరీ ఉబ్బింది. మూత పడటం మానేసింది. తబిత నన్ను సికింద్రాబాదులో ఒక రిపేరు దుకాణానికి తెచ్చింది. బాగు చెయ్యడం కుదరదని తేలాక, మనసొప్పకపోయినా నన్ను అక్కడే వదిలి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నేను ఈ అర మీద ఉన్నాను. మీటలు కొన్ని ఎవరికో అమర్చారు. తెర ఇంకా ఉంది, వెలగదు. వచ్చేపోయేవాళ్ళ మాటల్లో మురారి పేరు వినబడుతుందేమోనని నిలకడ లేకుండా వింటూ ఉంటాను. ఎవరెవరో ఏవేవో చూశామంటారు, బాగుందంటారు, బాగాలేదంటారు. అతని పేరు ఎవరూ ఎత్తరు.

ఇవాళ ఒకావిడ ఛార్జర్ కోసం వచ్చింది. దుకాణదారు వెతుకుతుంటే, నిన్న ఇంట్లో అందరూ కూర్చుని ఏదో సినిమా చూశామని చెప్పింది.

“అందులో ఆ తల్లి ఒక్కసారి కూడా ఏడవదండీ” అంది.

“ఏడ్వకపోతే ఇంకేం బాగుంటది?” అన్నాడు దుకాణదారు.

“చూడండి, మీకే తెలుస్తుంది” అని, ఛార్జర్ తీసుకుని వెళ్ళిపోయింది.

సినిమా పేరు గానీ, రాసినవాడి పేరు గానీ మాత్రం చెప్పలేదు.