అమ్మమ్మ పుట్టగొడుగుల చోటు

మా అమ్మమ్మ గున్వోర్ బ్యాంకు కార్డు నంబరైనా చెబుతుందేమో కాని, పసుపు పుట్టగొడుగులు ఎక్కడ మొలుస్తాయో చచ్చినా చెప్పదు. మా స్వీడన్‌లో ఆ చోటు సొంతవాళ్ళకు కూడా చెప్పరు. నలభై ఏళ్ళు కాపురం చేసిన తాతయ్యకే తెలియదు. అలాంటిది, ఈ ఆగస్టు చివరి ఆదివారం అందర్నీ తీసుకెళ్తానంది! నేనూ, నా స్నేహితురాలు తూవా తెల్లారకముందే బుట్టలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాం.

కారెక్కగానే అమ్మమ్మ అందరి కళ్ళకూ రుమాళ్ళు కట్టేసింది.

"ఈ వయసులో నాకు గంతలేమిటే?" అన్నాడు తాతయ్య.

"నోరు మూసుకుని కూర్చో. అందర్లోకీ నువ్వే పెద్ద దొంగవి."

అమ్మమ్మ గతుకుల్లో కారు తోలుతుంటే మేం ఒకరి మీద ఒకరం పడి ఒకటే నవ్వు.

అడవిలో దిగి గంతలు విప్పామో లేదో, తాతయ్య కుక్క ప్రికెన్ దూసుకుపోయింది. రోజూ ఆయనతో చేపలు పట్టడానికి వెళ్ళే కుక్క అది. పిలిచినా ఆగకుండా వెళ్ళి ఒక బిర్చ్ చెట్టు కింద కూర్చుని తోకాడించింది. దాని చుట్టూ నేలంతా పసుపే!

తూవా కేక పెట్టింది. అమ్మమ్మ మాత్రం తాతయ్య వైపు తిరిగింది.

"నా చోటు దీనికెలా తెలుసు? అందుకేనా, ఇన్నేళ్ళలో ఒక్క చేపా ఇంటికి రాలేదు?"

తాతయ్య తన రుమాలు దులిపాడు.

"అరవకు. ఇప్పుడిది నువ్వు కట్టుకో. ఇంతకు రెండింతలుండే చోటు చూపిస్తాను."

"సిగ్గులేని ముసలాడా!" అంది అమ్మమ్మ, అప్పటికే కళ్ళు మూసుకుని, ముడి వేయించుకోవడానికి వెనక్కి తిరిగి.