దొరసాని ఊరి పుస్తకం

పురుగు పట్టకుండా మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలుపుతూ జయరాజు కిటికీలోంచి ఎండ చూశాడు. పది దాటింది. దొరసాని రెండు గంటల రైలుకు ఇంగ్లండు వెళ్ళిపోతోంది. ఆలోగా పుస్తకం ఆమె చేతికివ్వాలి.

నంద్యాల మిషన్ బడి వెనక రేకుల షెడ్డులో ఇరవై తొమ్మిదేళ్ళుగా అతను పుస్తకాలు కుడుతున్నాడు. సూది నెట్టీ నెట్టీ బొటనవేలు కాయగట్టింది. గడివేముల నుంచి కూలికొచ్చినవాడికి అక్షరాలు దిద్దించింది ఎడిత్ దొరసానే. ఇప్పుడు ఆమె ఇంగ్లండులో తాను పుట్టిన ఊరి చరిత్ర తెలుగులో రాసి, కుట్టమని ఇచ్చింది.

మడతలు పెడుతూ చదివాడు. ఏటిలో లోతు తక్కువున్న చోట పశువులు తోలేవాళ్ళు గుడిసెలు వేసుకున్నారు. రోము సిపాయిలు రాళ్ళబాట పరిచారు. ఎవరో రాజు సంత పెట్టుకోమని సెలవిచ్చాడు. ఒక ఏడు తెగులొచ్చి సగం ఊరు పోతే, మిగిలిన సగం ఉన్నిబట్ట నేసి బతికింది. మిల్లు వచ్చింది, రైలు వచ్చింది, యుద్ధంలో బాంబు పడింది. 1948లో ఆమె ఓడెక్కిన రోజుతో రాత ఆగింది.

"ఆ తర్వాత ఆ ఊరు ఏమాయనో?" అన్నాడు, సద్ది తెచ్చిన భార్య కృపమ్మతో.

"మన గడివేముల ఎప్పుడు పుట్టిందో చెప్పు చూద్దాం. ఆయమ్మ ఊరు కావాల్నంట ఈయప్పకు."

ఇంటి బైబిళ్ళకు చివర తెల్లకాగితాలు చేర్చి కుట్టడం అతని అలవాటు. పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు రాసుకుంటారు. దీనికి వేయలేదని అప్పుడు గుర్తొచ్చింది. కుట్టంతా విప్పి, పదహారు పేజీలు చేర్చి మళ్ళీ కుట్టాడు. అట్ట అతికించేసరికి ఒంటిగంట.

దొరసాని గేటు దగ్గర జట్కా ఆపి వచ్చింది. పుస్తకం ప్రెస్సు చెక్కల మధ్య బిగించి ఉంది.

"తడి ఆరల్యామ్మా. తీస్తే అట్ట వంకరపోతాది. తెల్లపేజీలు వెయ్యబోయి ఆలస్యం చేసినా."

"అవి ఎందుకు?"

"ఊరు ఇంగా ఉంది గదమ్మా. చూసి రాస్తారని."

ఆమె ప్రెస్సు మీద చెయ్యి వేసింది. "నీ దగ్గరే ఉండనీ జయరాజూ. చూసి జాబు రాస్తాను, నువ్వు ఆ పేజీల్లో ఎక్కించు."

"నా రాత కోడి కెలికినట్టుంటాదమ్మా."

"తెలుసు. నేర్పింది నేనే గదా."

జట్కా మలుపు తిరిగింది.

మూడో నెలలో జాబు వచ్చింది. మిల్లు పడగొట్టి బస్టాండు కట్టారట. ఒక పేజీ నిండింది. మరుసటేడు ఆమె చెల్లెలు రాసింది, ఎడిత్ నిద్రలోనే పోయిందని. చావు ఎలా ఎక్కించాలో జయరాజుకు తెలుసు. రెండో పేజీలో రాశాడు: పేరు, తేదీ, ఊరు.

బీరువాలో ఆ పుస్తకం ఉంది, అట్ట వంకరపోకుండా, చివర పద్నాలుగు తెల్లపేజీలతో.