వెనక మూల బోల్టు

లారీ మెకానిక్ నాగసుబ్బయ్యకు నోటి దురుసు ఎక్కువ, చేతి పనితనం అంతకంటే ఎక్కువ. అందుకే బేతంచెర్లలో బండల లారీలవాళ్లు ఆ నోటిని నవ్వుతూ భరిస్తారు. వాళ్లకేం, బండి బాగైతే వెళ్లిపోతారు. అల్లుడు ఓబుళేశు మాత్రం ఆ నోటితోనే షెడ్డులో పగలంతా పనిచేసి, రాత్రి దాని పక్కనే కూర్చుని అన్నం తినాలి. ఒక్కగానొక్క కూతురు నాగజ్యోతిని చేసుకుని ఇల్లరికం వచ్చినవాడు మరి.

ఆ రోజు పుల్లయ్య లారీ షెడ్డులో ఉంది. ఇంజన్ మీది హెడ్డుకూ కింది బ్లాకుకూ నడుమ ఉండే గ్యాస్కెట్ కాలిపోయి నీళ్లు ఉడికిపోతుంటే, హెడ్డు ఊడదీసి, సాపు చేయించి తెచ్చారు. ఇక కూర్చోబెట్టి బోల్టులు బిగించడమే మిగిలింది. ఓబుళేశు తాను ముచ్చటపడి కొనుక్కున్న టార్క్ రెంచి బయటికి తీశాడు. దాని మీద గుండ్రటి డయలు, అందులో ముల్లు.

"ఎంత బిగియల్లనో ఇది చెప్తాది మామా. ఈ పొద్దు దీంతో చేద్దామా?"

నాగసుబ్బయ్య దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. టీ తాగుతున్న పుల్లయ్యకూ, ఇంకో ఇద్దరు డ్రైవర్లకూ ఎత్తి చూపించాడు.

"గడియారం చూసుకుంటా బోల్టు బిగిచ్చేవానికి చేతులెందుకప్పా? మా ఇంటి అన్నం తిని మాకే పాఠం చెప్తాండాడు, చూడు పుల్లయ్యా!"

పుల్లయ్య పకపకా నవ్వాడు. డ్రైవర్లూ నవ్వారు. ఓబుళేశు కూడా నవ్వినట్టు ముఖం పెట్టి రెంచి డబ్బాలో పెట్టేశాడు గానీ, చెవులు మండిపోతున్నాయి. తక్కిన మాటలన్నీ దులుపుకోగలడు. అన్నం మాట అట్లా దులుపుకునేది కాదు.

బ్లాకులో బోల్టులు దిగే బెజ్జాలకు అడుగు మూసుకుని ఉంటుంది. అందులో నూనో నీళ్లో నిలిచి ఉంటే, బోల్టు దిగేకొద్దీ అవి పోవడానికి దారి ఉండదు. నలగనూ నలగవు. చివరికి పక్కనున్న ఇనుమునే పగలదోస్తాయి. అందుకని ప్రతి బెజ్జంలోనూ గాలి కొట్టి, అడుగుదాకా గుడ్డ దింపి తుడవాలి. ఓబుళేశుకు ఇది నేర్పింది నాగసుబ్బయ్యే. ఆ రోజు కూడా ఆయనే గాలి కొడుతూ వచ్చాడు. మధ్యలో ఫోను మోగింది. ఎవరితోనో అరిచి, ఫోను జేబులో వేసుకుని, పని అయిపోయిందనుకుని గ్యాస్కెట్ పరిచాడు.

వెనక మూల బెజ్జంలో నూనె నల్లగా మెరుస్తూ ఉంది. ఓబుళేశు చూశాడు.

'మామా, అది తుడవలే' అంటే సరిపోయేది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. పాఠం చెప్పొద్దన్నావు కదా, చెప్పను పో అనుకుని మింగేశాడు. తానే రెండో వైపు పట్టుకుని హెడ్డు దించాడు. బోల్టు ఇరుక్కుంటుంది, మామ నలుగురిలో మళ్లీ ఊడదీసుకుంటాడు, అప్పుడు తెలుస్తుంది అనుకున్నాడు. బ్లాకు పగులుతుందని అనుకోలేదు. అనుకోకపోవడానికి చాలా కష్టపడ్డాడని చెప్పడం న్యాయం.

నాగసుబ్బయ్య పొడుగాటి పానాతో నడిమి నుంచి బయటికి ఒక్కొక్కటే బిగిస్తూ వచ్చాడు. వెనక మూల దగ్గర ఆగాడు.

"ఇదేందప్పా, ముందుగానే గట్టిగా తగులుతాండాది?"

అది రెండో అవకాశం. ఓబుళేశు పక్కనే నిలబడి ఉన్నాడు, నోరు తెరవలేదు.

"మరల్లో తుప్పుండాదేమోలే" అని పెద్దాయన తనకు తానే చెప్పుకుని బలం వేశాడు. టప్‌మని చిన్న చప్పుడు. ఆయన పానా వదిలేసి, వంగి బ్లాకు పక్కన వేలితో తడిమాడు. వేలికి నూనె అంటింది. వెంట్రుకంత చీలిక, కిందిదాకా.

పుల్లయ్య నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ఎప్పుడూ ఎదుటివాడి మీద విరుచుకుపడే నాగసుబ్బయ్య ఆ రోజు ఎవర్నీ ఏమీ అనలేదు.

"తప్పు నాదే పుల్లయ్యా. చేతికి లెక్క తప్పింది, జాస్తి బిగిచ్చినా. బ్లాకు నేను తెప్పిస్తా."

అన్నట్టే కడప నుంచి పాత బ్లాకు తన ఖర్చుతో తెప్పించాడు. కానీ దాన్ని ముట్టుకోలేదు. "నీ గడియారమే మేలప్పా, నువ్వే కానియ్యి" అని అల్లుడికి వదిలేసి షెడ్డు ముందు బెంచీ మీద కూర్చున్నాడు. ఆ తర్వాత ఏ బండి వచ్చినా అదే మాట, "అల్లుణ్ణి అడగండప్పా." లారీలవాళ్లు ఓబుళేశును 'మేస్త్రీ' అని పిలవడం మొదలుపెట్టారు. మొదటిసారి ఆ పిలుపు విన్నప్పుడు సంతోషం కలిగింది. అందుకే తన మీద తనకు మరీ అసహ్యం వేసింది.

చెబుదామని బెంచీ దాకా వెళ్లేవాడు. పెద్దాయన కుడిచేతి వేళ్లు ముడుస్తూ, చాపుతూ, వాటినే చూసుకుంటూ ఉండేవాడు. నోటి దురుసు ఎటుపోయిందో పోయింది. ఒక్క తిట్టు తిట్టినా ధైర్యం వచ్చేదేమో. టీ తాగినావా అని మెల్లగా అడిగేవాడు. ఓబుళేశు తాగినానని చెప్పి వెనక్కి వచ్చేవాడు.

"చేతికి నరాలు పోయినాయంటాండాడు నాయన" అంది నాగజ్యోతి ఒకనాడు. "కర్నూలుకు పిల్చుకపోయి చూపిచ్చు. నువ్వు ఉండావు కాబట్టి షెడ్డు నిలబడె, లేకుంటే మా గతేమి?"

ఆ మాట అన్నం మాటకంటే లోతుగా దిగింది.

కర్నూలులో డాక్టరు పెద్దాయన చేత పిడికిలి బిగింపించాడు, గుండీ పెట్టించాడు, కళ్లు మూయించి వేళ్లు తాకాడు. "నీ చేతికేమీ కాలేదు పెద్దాయనా. నా చేతికంటే గట్టిగా ఉంది" అని నవ్వి పంపించాడు.

వరండాలోకి వచ్చాక నాగసుబ్బయ్య గోడకు ఆనుకున్నాడు. కళ్లల్లో నీళ్లు.

"చెయ్యి బాగుండాదంట. బాగుండే చేత్తో పగలగొట్టినానంటే, తలకాయే పోయిందప్పా నాకు. చెయ్యయితే మందన్నా ఉంటాది."

ఇక ఓబుళేశు వల్ల కాలేదు.

"నీ చెయ్యీ కాదు, తలకాయీ కాదు మామా. ఎనక మూల బెజ్జంలో నూనె ఉండె. ఫోనొచ్చి నువ్వు మర్చిపోయినావు. నేను చూసినా. చూసి గూడా చెప్పలే."

పెద్దాయన అతని ముఖంలోకి చూశాడు.

"అన్నం మాటన్నానని?"

ఓబుళేశు తల ఊపాడు. చెంప మీద ఒకటి పడితే బాగుండునని నిజంగానే కోరుకున్నాడు.

"అనకూడని మాటే. నాదే తప్పు" అన్నాడు నాగసుబ్బయ్య. కుడిచేతిని ఒకసారి ముడిచి చాపుకున్నాడు. ముఖంలో ఏదో తేటపడింది. "ఒక బెజ్జం మర్చిపోయినా, అంతే గదా? చెయ్యి బిగిచ్చినంతా సరిగ్గానే బిగిచ్చింది."

"సరిగ్గానే మామా."

"సరే. రేపట్నుంచి పానా నేను పడతా." తువాలు దులిపి భుజాన వేసుకుని మెట్ల వైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు. గొంతులో కోపం లేదు.

"షెడ్డు నీదే, నా తర్వాత నీకే. జ్యోతికి ఏమీ చెప్పొద్దు. గానీ నేను బోల్టు బిగిచ్చేటప్పుడు నువ్వు నా పక్కన నిలబడొద్దప్పా."