రెండో గోల్‌కీపర్

వచ్చిన మొదటిరోజే ఆ పిల్ల "ఆంటీ" అని పిలిచింది. పేరు సెఫీనా లెయోటా. సిడ్నీ పడమటి శివార్లలో పెరిగిన సమోవా పిల్ల. వాళ్ళ ఇళ్ళలో వయసులో పెద్దవాళ్ళను ఉత్త పేరుతో పిలిస్తే తల్లి ఊరుకోదు. ఆ సంగతి మార్నీ పాస్కోకి తెలియకపోలేదు. అయినా జట్టంతా బూట్ల తాళ్ళు కట్టుకుంటూ వింటున్న గదిలో, ముప్పై మూడేళ్ళ తనను అలా పిలిచేసరికి ఎక్కడో చురుక్కుమంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. మార్నీ కూడా నవ్వింది, తప్పదు కాబట్టి.

న్యూకాసిల్ ఆడవాళ్ళ ఫుట్‌బాల్ జట్టుకి పదేళ్ళకు పైగా ఆమే గోల్‌కీపర్. మొదట్లో మగపిల్లలు వాడి వదిలేసిన జెర్సీలే వీళ్ళకు ఇచ్చేవారు. ఎవరివి వాళ్ళే ఇంటికి తీసుకుపోయి ఉతుక్కునేవారు. మార్నీ తెల్లవారకముందే బేకరీలో రొట్టెలు కాల్చేది, సాయంత్రం బొగ్గు ఓడలు కనబడే మైదానంలో బురదలో పొర్లేది. రెండు వేళ్ళు వంకరపోయాయి. పెళ్ళాడదామన్న మనిషి ఆమె ఏ శనివారమూ ఇంటిపట్టున ఉండకపోవడం చూసి విసిగి వెళ్ళిపోయాడు. అదంతా అయ్యాక, జట్టుకి జీతాలూ టీవీ కెమెరాలూ టిక్కెట్ల కోసం వరసలూ వచ్చాక, తీరిగ్గా ఈ పిల్ల దిగింది.

మిగతా ఆటగాళ్ళకి ఒక చోట కాకపోతే ఇంకోచోట ఆడే వీలుంటుంది. గోల్ ముందు నిలబడేది ఒక్కరే. రెండోవాళ్ళు బెంచి మీద కూర్చోవాల్సిందే. అలాగని ఒకరికొకరు దూరంగా ఉండటానికీ లేదు. గోల్‌కీపర్ల సాధన వేరుగా జరుగుతుంది. శిక్షకుడు బారిచ్ అనే ముసలి క్రోయేషియన్, బంతుల సంచీ, వీళ్ళిద్దరూ, అంతే. మార్నీ రోజూ ఆ పిల్లకి బంతులు విసరాలి, ఆ పిల్ల వాటిని పట్టడం చూడాలి. పళ్ళేల్లాంటి ఆ చేతులు చూడాలి. తను ఒళ్ళంతా విల్లులా సాగదీస్తేగాని అందని బంతి కోసం సెఫీనా మామూలుగా ఒక అడుగు పక్కకి వేసేది, అటకమీది డబ్బా దించినట్టు దించుకునేది. బారిచ్ పొగడ్తలు తెలియని మనిషి. అలాంటివాడు ఒకరోజు బంతిని చంకలో పెట్టుకుని కాసేపు ఊరికే నిలబడిపోయాడు. తన ఆట చూసి ఆయన అలా ఎన్నడూ నిలబడలేదని మార్నీ ఇంటికి వెళ్ళేదాకా అనుకుంటూనే ఉంది.

పోటీలు మొదలయ్యే ముందు పెద్ద కోచ్ పిలిచి, ఈ ఏడు సెఫీనా ఆడుతుందని, మార్నీ అనుభవం ఆ పిల్లకి అండగా ఉండాలని చెప్పింది. మార్నీ తలూపింది.

బెంచి మీద కూర్చున్నాక తనలో ఇంత విషం ఉందని ఆమెకే తెలిసివచ్చింది. సెఫీనా బంతి జారవిడిస్తే గుండె గంతు వేసేది. తమ జట్టు మీద అవతలివాళ్ళు గోల్ కొడితే పెదాలు వాటంతటవే విచ్చుకోబోయేవి. కెమెరా తనవైపు తిరుగుతుందేమోనని గ్లవ్ కొస పళ్ళతో కరిచిపట్టుకునేది. ఆట ముగిశాక కంచె దగ్గర పిల్లలు సెఫీనా సంతకం కోసం ఎగబడేవారు. మార్నీ బంతుల సంచీ భుజాన వేసుకుని వాళ్ళ పక్కనుంచే నడిచిపోయేది. పుట్టినరోజుకి ఏం కావాలని సొంత మేనకోడల్ని అడిగితే, వెనకాల లెయోటా అని రాసున్న జెర్సీ కావాలంది. మార్నీ కొనిచ్చింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

సెఫీనా చెడ్డదైతే సగం బాధ తప్పేది. ఆ పిల్లకి గర్వం లేదు. వాళ్ళమ్మ లోసా ఆదివారాలు చర్చి నుంచి నేరుగా కారు నడుపుకుంటూ వచ్చేది, జట్టంతటికీ డబ్బా నిండా పనికేకేలనే సమోవా తీపి బొండాలు వేయించి తెచ్చేది. వచ్చిన ప్రతిసారీ మార్నీని గుండెకి హత్తుకునేది. నువ్వున్నావన్న ధైర్యంతోనే పిల్లని ఇంత దూరం పంపానని చెప్పేది. మార్నీ ఆ వేడి పనికేకేలు నములుతూ, ఇవైనా బాగా లేకపోతే బావుండునని అనుకునేది.

వాళ్ళ మైదానంలో దక్షిణపు గోల్ గడ్డుది. మధ్యాహ్నం సముద్రం మీంచి దక్షిణపు గాలి లేచిందంటే, గోల్ దాటి పోతుందనుకున్న కార్నర్ బంతి చటుక్కున వెనక్కి వాలి దగ్గర స్తంభం మీద పడుతుంది. స్టాండు పైకప్పు మీద జెండా ఉంది కానీ, అక్కడ గాలి కప్పుకి తగిలి సుడి తిరుగుతుంది, అందుకే జెండా ఒకవైపు ఎగురుతుంటే బంతి ఇంకోవైపు పోతుంది. అసలు గాలి ఎటుందో గోల్ వెనకున్న పైన్ చెట్ల కొసలు చెబుతాయి. అది కనిపెట్టడానికి మార్నీ ఎన్నో గోల్స్ పోగొట్టుకుంది.

సెమీఫైనల్‌కి ముందు సాధనలో సెఫీనా అక్కడ రెండు బంతులు వదిలేసింది. గ్లవ్స్ విప్పుతూ దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఇక్కడ బంతి నాతో ఆడుకుంటోంది ఆంటీ. నువ్వు దేన్ని చూసేదానివి?"

మార్నీ నీళ్ళ సీసా మూత తిప్పింది. చెప్పేద్దామనే అనుకుంది.

"జెండా ఉందిగా," అంది. "దాన్ని చూడు."

సెమీఫైనల్ వాళ్ళ మైదానంలోనే. రెండో సగంలో సెఫీనా దక్షిణపు గోల్ ముందు ఉండగా గాలి లేచింది. అవతలి జట్టుకి కార్నర్ దొరికింది. సెఫీనా తలెత్తి పైకప్పు మీది జెండా చూడటం మార్నీ బెంచి మీంచి కళ్ళారా చూసింది. సెఫీనా ముందుకి పరిగెత్తింది. బంతి ఆమె తలమీంచి వెనక్కి వాలింది. గాల్లోనే ఒళ్ళు మెలితిప్పి వెనక్కి దూకింది, చేయి వెళ్ళి స్తంభానికి కొట్టుకుంది. ఎముక విరిగిన చప్పుడు బెంచి దాకా వినిపించింది. బంతి గోల్లో పడింది.

కోచ్ మార్నీ పేరు పిలిచింది. కొన్ని నెలలుగా ఆమె కలలుగన్న పిలుపు అది. లేచి గ్లవ్స్ తొడుక్కుంది. ఎదురుగా స్ట్రెచర్ మీద వస్తున్న సెఫీనా పళ్ళు బిగించుకునే నవ్వడానికి ప్రయత్నించి, వాళ్ళని ఆపు ఆంటీ అంది.

ఆపింది. గాలి ఆగలేదు కానీ ఇంకో బంతి లోపలికి పోలేదు, తమవాళ్ళు రెండు గోల్స్ కొట్టి గెలిచారు. తరవాతి శనివారం ఫైనల్లో మార్నీ జీవితంలో ఎన్నడూ ఆడనంత బాగా ఆడింది. ఆఖర్లో పెనాల్టీ కూడా పట్టింది. జట్టు గెలిచింది. తీరా కప్పు ఇచ్చేవేళకి, జట్టు నాయకురాలు కట్టు కట్టిన చేతితో ఉన్న సెఫీనాని వేదిక మీదకి లాక్కొచ్చి కప్పు ఆమెతోనే ఎత్తించింది. జనం ఊగిపోయారు. మర్నాడు పేపర్లో ఆ ఫొటోనే వేశారు. వెనకవరసలో ఎవరి భుజం చాటునో మార్నీ నుదురు కనబడింది. ఇంత జరిగాక కూడా ఆ ఫొటో చూసి మార్నీ కడుపు రగిలిపోయింది.

రెండు రోజుల తరవాత విజయోత్సవంలో లోసా ఆమెని వెతుక్కుంటూ వచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ, కూతురు తనని తానే తిట్టుకుంటోందని చెప్పింది. ఆంటీ జెండా చూడమని ముందే చెప్పినా సరిగ్గా చూసుకోలేకపోయానని ఏడుస్తోందట. మార్నీ చేతిలో గ్లాసు కింద పెట్టి, బయట మెట్ల మీద ఒంటరిగా కూర్చున్న సెఫీనా దగ్గరికి వెళ్ళింది.

"నువ్వు సరిగ్గానే చూశావు. నేనే తప్పు చెప్పాను. చూడాల్సింది పైన్ చెట్లని."

సెఫీనాకి వెంటనే అర్థం కాలేదు. "మరచిపోయి చెప్పావా?"

"కాదు. కావాలనే. నా చోటు నువ్వు తీసుకున్నావు."

ఆ పిల్ల తన చేతి కట్టు వైపు చూసుకుంది. ఏడుస్తుందనుకుంది మార్నీ. తిడుతుందనీ అనుకుంది.

"మా అమ్మకి చెప్పకు. నువ్వంటే ఆవిడకి ప్రాణం," అంది. లేచి నిలబడింది. "నేను నీ చోటు తీసుకోలేదు మార్నీ. నీకంటే బాగా ఆడాను." తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మార్నీ పెద్ద కోచ్‌కి కూడా జరిగింది చెప్పేసింది. ఆమె కోపంతో ఎర్రబడి, వచ్చే ఏడు నీతో ఒప్పందం ఉండదంది. మార్నీ తన సామాను సర్దుకుంది. బ్రిస్బేన్‌లో పట్టికలో అట్టడుగునున్న జట్టొకటి ఆమెని తీసుకుంది. అక్కడ ఆమే మొదటి గోల్‌కీపర్. వారం వారం ఓడిపోయేవారు. అయినా శనివారం పొద్దున్నే తన జెర్సీ కొక్కేనికి వేలాడుతుంటే చూసుకోవడం బావుండేది.

ఆ ఏడాది చలికాలం చివర న్యూకాసిల్ జట్టు బ్రిస్బేన్ వచ్చింది. సెఫీనా చెయ్యి పూర్తిగా బాగుపడింది. ఆట కడదాకా గోల్ లేకుండా సాగింది. ఆఖరి నిమిషాల్లో మార్నీ జట్టు అమ్మాయి అతి దగ్గర్నుంచి తలతో కొట్టిన బంతిని, నేల మీద పడున్న సెఫీనా ఎడంచేత్తో గోల్ మీంచి నెట్టేసింది. విరిగింది ఆ చెయ్యే. గోల్ అయిందనుకుని చేతులెత్తిన అమ్మాయి ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయింది. అవతలి కొసన తన గోల్ ముందు నిలబడ్డ మార్నీ మాత్రం, తనైతే దాన్ని పట్టగలిగేదా అని ఆలోచిస్తోంది. పట్టగలిగేది కాదు. అది ఆమెకి ఖాయంగా తెలుసు.

ఆట అయ్యాక సెఫీనా మైదానం పొడవునా నడిచి వచ్చి చెయ్యి చాపింది. నవ్వలేదు. మార్నీ ఆ చెయ్యి అందుకుంది. అమ్మ కులాసాయేనా అని అడిగితే, కులాసాయే, నీ గురించి అడుగుతూ ఉంటుంది అని చెప్పి సెఫీనా వెనక్కి తిరిగింది.

మైదానం నుంచి క్లబ్బుకి తిరిగి వెళ్ళే బస్సులో మార్నీ జట్టు అమ్మాయిలంతా ఆ ఒక్క బంతి గురించే మాట్లాడుకున్నారు. అది అదృష్టం తప్ప ఇంకేం కాదని ఒకమ్మాయి తీసిపారేసింది. గోల్‌కీపర్‌వి కదా, నువ్వు చెప్పమని అందరూ మార్నీ వైపు తిరిగారు. అదృష్టమే అని ఒక్క మాట అంటే వాళ్ళంతా నమ్మేవాళ్ళు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"అదృష్టం కాదు," అంది మార్నీ. తరవాత కిటికీ వైపు తిరిగింది.