తలగుడ్డ మీది కుప్ప

అరవై ఎనిమిది చలికాలంలో ఊళ్లకు ఊళ్లు హాంకాంగు జ్వరంతో మూలుగుతుంటే, ముక్కు కూడా చీదనివాణ్ణి నేనొక్కణ్ణే. జ్వరం మా గుమ్మం దాకా వచ్చి, నా మీసం చూసి దండం పెట్టి వెనక్కి పోయింది.

మా పొలాలకీ సముద్రానికీ మధ్య సరుగుడు తోటే అడ్డు. అవతల ఇసుకలో లక్ష్ముడి గుడిసె. వాడు వేటకెళ్లే పడవ జగన్నాధానిది. ఒడ్డుకు చేరాక చేపలు పంచే పద్ధతొకటుంది: పడవకో కుప్ప, వలకో కుప్ప, ఆ రోజు వెళ్లిన మనిషికో కుప్ప. వెళ్లనివాడికి పొలుసు కూడా రాదు. జగన్నాధమూ జ్వరపడ్డాడు. ఆయన దుప్పటి ముసుగులో ఉండగానే పడవ కుప్పా, వల కుప్పా ఇంటికి నడిచొచ్చేవి.

లక్ష్ముడికి ఒళ్లు పేలిపోతున్న పొద్దున నేను ఒడ్డునే ఉన్నాను. పడవెక్కబోతున్న మొగుడి తలగుడ్డ పట్టుకుని లాగుతోంది గురమ్మ.

"నువ్వైనా సెప్పు బాబూ! రేతిరంతా దగ్గుతానే ఉన్నాడు."

"ఒరే లక్ష్ముడూ, తొంగోరా. సంద్రం ఎక్కడికీ పోదు" అన్నాను.

"సంద్రం పోదు మావా, కుప్ప పోతాది. నీకేటి! జొరమొస్తే మంచమెక్కి తొంగున్నావు. గాదిలో గింజలున్నాయి, అత్త గంజి కాసి పోసింది. నాను తొంగుంటే పిల్లలకేటి పెడతాది ఇది?"

అదిగో, నా మీసం పరువు తీసేశాడు. సరే, నాకూ వచ్చింది. మంచం మీద అమ్మా అయ్యా అని ఏడ్చాను కూడా. జ్వరం వెనక్కి తిరిగింది మీసం చూసి కాదు, మా గాది చూసి.

తలగుడ్డ గురమ్మ చేతిలో మిగిలింది. వాడు వట్టి తలతోనే వెళ్లాడు. ఇరుకు పడవలో పక్కపక్కన కూర్చున్నవాళ్లందరికీ ఆ దగ్గు అంటుకుంది. తర్వాత పడవ ఇసుక మీదే ఎండింది. ఆ పడవెక్కిన నలుగురి గుడిసెల్లోనూ పొయ్యి రాజుకోలేదు. జగన్నాధం అటక మీద మాత్రం ఎండుచేప ఉంది. మిగిలినవాళ్లు ఎలాగో లేచారు. లక్ష్ముడు లేవలేదు.

మళ్లీ పడవ వేటకెళ్లి ఒడ్డుకొచ్చిన రోజు గురమ్మ ఆ తలగుడ్డతో ఒడ్డున నిలబడింది. జగన్నాధం చూశాడు. గుడ్డ అందుకుని ఇసుక మీద పరిచి, దాని మీదో కుప్ప పోసి, "ఇది లక్ష్ముడిది" అన్నాడు.

ఇంతవరకూ చెప్పినదాంట్లో, మీసం గొప్ప పోగా, నేను కల్పించింది ఈ చివరి కుప్పొక్కటే. జగన్నాధం చూసిన మాట నిజం. గురమ్మ ఆ గుడ్డను చుట్టకుదురులా చుట్టి నెత్తిన పెట్టుకుంది. దాని మీద జగన్నాధం చేపల బుట్ట ఎత్తుకుని, కూలికి విజయనగరం దారి పట్టింది.