తుమ్మలచెల్క మట్టి

గురువారం అంటే బాలమ్మకు రెండు చీపుర్లు, మూడు చేటలు, బోలెడంత కోపం. వనపర్తి ఊరి బయట ఓ ట్రస్టు వాళ్ళు నడిపే దవాఖానలో ఆమె స్వీపరు. మిగతా రోజులన్నీ జ్వరాలూ, పురుళ్ళూ, దెబ్బలూ. నాలుగేళ్ళుగా గురువారం మాత్రం హైదరాబాదు నుంచి పద్మజ డాక్టరమ్మ వచ్చి క్యాన్సర్ రోగుల్ని చూస్తుంది. ఆ రోజు వరండాలో బెంచీల కింద మట్టి రాలుతుంది.

ఎందుకు రాలుతుందని ఎవరూ అడగలేదు. ఆ జబ్బు పట్టిన మనిషి మొదటిసారి వచ్చి బెంచీ మీద కూర్చుని లేచాడంటే కింద చేటెడు మట్టి ఉంటుంది. రెండోసారి వస్తే రాలదు. పూణెలో పదేళ్ళు బిల్డింగులు కట్టినా, బొంబాయిలో రోడ్లు పోసినా, రాలేది మాత్రం సొంత ఊరి మట్టే. గద్వాల వైపు వాళ్ళ కింద నల్లరేగడి, ఆత్మకూరు వాళ్ళ కింద పలుగురాళ్ళు కలిసిన ఎర్రదుబ్బ, అమ్రాబాద్ అడవి అంచున ఉండేవాళ్ళ కింద కుళ్ళిన ఆకుల వాసన వేసే మెత్తటి మన్ను. "కాళ్ళు పైకి" అంటుంది బాలమ్మ. ఎత్తుతారు. ఊడుస్తుంది. ఆమె కోపం మట్టి మీద కాదు, గోడల మీద ఉమ్మేవాళ్ళ మీద.

ఊడ్చిన మట్టిని పారబోయదు. దవాఖాన వెనక, ప్రహరీగోడ పొడుగునా, ఒక్కో ఊరికి ఒక్కో కుప్ప. దానికో కారణం ఉంది. వలసపోయినవాళ్ళు ఎక్కడ కన్నుమూసినా, గోతిలో మొదటి మూడు పిడికిళ్ళూ సొంత ఊరి మట్టే పడాలని ఆ పల్లెల వాళ్ళ పట్టుదల. ఎక్కడి నుంచో చావుకబురు వస్తే, ఊరి దాకా పోయే వ్యవధి లేనివాళ్ళు బస్సెక్కే ముందు బాలమ్మ దగ్గరికి వచ్చి కొంగున మూట కట్టుకుని పోతారు. ఒక ఊరి మట్టిలో ఇంకో ఊరి మట్టి కలిస్తే వాళ్ళకు ఏం ముఖం చూపిస్తుంది? అందుకే ఏటా వానలకు ముందు కుప్పలన్నింటినీ పేడతో అలుకుతుంది, కరిగిపోకుండా. అలికిన దాని మీద ఆ ఏటి మట్టి పడుతుంది. మళ్ళీ అలుకు, మళ్ళీ మట్టి.

అన్నిట్లోకీ పెద్ద కుప్ప తుమ్మలచెల్కది. నాగర్‌కర్నూలు దాటి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు. బాలమ్మ పుట్టిల్లు. నాలుగేళ్ళ కిందట ఆ కుప్ప మొదలైంది ఆమె తల్లితోనే. నోట్లో పుండుతో వచ్చింది ముసలమ్మ, మూడు నెలలు తిరక్కుండానే పోయింది. అప్పుడు పాదం ఎత్తు కూడా లేనిది ఇప్పుడు బాలమ్మ నడుము దాటింది. చెల్లెలు మణెమ్మ ఇంకా ఆ ఊళ్ళోనే ఉంది. ఏడాదిలో ఎనిమిది నెలలు పూణెలో రాళ్ళెత్తి, తొలకరికి ఇంటికి వస్తుంది. బుగ్గన తంబాకు లేకుండా బాలమ్మ ఆమెను చూసిందే లేదు. సైటు మీద అందరిదీ అదే వరస. తంబాకు పెట్టుకుంటే ఆకలి తెలియదు, నిద్ర రాదు. మేస్త్రే ఆదివారం సరుకులతో పాటు పొట్లాలు పంచుతాడు.

రెండువేల అయిదు చలికాలంలో ఒక గురువారం, ట్రస్టు ఆఫీసు నుంచి భానుప్రకాశ్ అనే అధికారి వచ్చాడు. డాక్టరమ్మ గదిలో ఆయన మాట్లాడుతుంటే బాలమ్మ తడిబట్ట పెడుతోంది.

"వ్యాను కొన్నాం మేడమ్. ఊళ్ళకే పోయి నోళ్ళు చూసి, జబ్బు ముదరకముందే పట్టుకోవచ్చు. కానీ ఒక్కటే వ్యాను. మూడేళ్ళు ఒక్క మండలానికే. మండలాలవారీ లెక్క తీయించాను. ఆత్మకూరులో నలభై ఆరు కేసులు. దాని దరిదాపుల్లో ఇంకోటి లేదు."

"మరి నాగర్‌కర్నూలు వైపు?" అంది డాక్టరమ్మ.

"అక్కడి మండలంలో ఒక్కటి, తుమ్మలచెల్క అనే ఊరి నుంచి. అంతే."

బాలమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఒక్కటా? ఆ ఒక్కటీ వాళ్ళమ్మే అయ్యుండాలి.

తిన్నగా గుమాస్తా వెంకట్రాములు బల్ల దగ్గరికి పోయింది. వెంకట్రాములు రిజిస్టరులో కొట్టివేత కనిపిస్తే ఆ రోజు అన్నం సయించని మనిషి.

"సారు, నీ లెక్క తప్పున్నది."

"ఏం లెక్క?"

"తుమ్మలచెల్కది. ఒక్కటేంది? నా కుప్ప జూసినవా ఎన్నడన్న?"

"కుప్పలు నా పని గాదు బాలమ్మా. మనిషొస్తడు, అడ్రసు అడుగుత, చెప్పింది రాస్త. ఒక్క అక్షరం ఇటటు గాలేదు."

"అక్షరం గాదు సారు, మనుషులే ఇటటు అయిన్రు."

వెంకట్రాములు ముఖం చిన్నబోయింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన్ని ఇంత మాట అన్నవాళ్ళు లేరు. అంత మాట అనకపోవలసిందని బాలమ్మకూ అనిపించింది. కానీ వ్యాను ఆత్మకూరుకు పోతే మణెమ్మ నోరు చూసే దిక్కుండదు. వాళ్ళమ్మలాగే పుండు పడ్డాక, ముద్ద దిగనప్పుడు బస్సెక్కుతుంది. అప్పుడు తన చెల్లెలి మట్టిని తన చేత్తోనే ఊడవాలి. ఆ తలపుతోనే ఆమెకు ఎక్కడలేని మొండితనం వచ్చింది. డాక్టరమ్మ గది తలుపు తోసింది.

"అమ్మా, సారును తీస్కొని జర యెనకకు రాండ్రి."

వచ్చారు. భానుప్రకాశ్ ప్యాంటు అంచులు మడుచుకుని కుప్పల మధ్య నడిచాడు. ఏ కుప్ప ఏ ఊరిదో బాలమ్మ చెబుతుంటే తలాడించాడు. అంతా విని పెద్దమనిషిలా గొంతు సవరించుకున్నాడు.

"మట్టి బాగానే ఉందమ్మా. కానీ ఆడిట్ వాళ్ళకు నేనేం చూపించాలి? దీని మీద తేదీ ఉందా, సంతకం ఉందా?"

"సంతకం నాకు రాదు సారు. తేదీ ఉన్నది."

పార తీసుకుని తుమ్మలచెల్క కుప్పను నిలువుగా ఒక పక్క చెక్కేసింది. లోపల ఎర్రటి మట్టి, మధ్య మధ్య పేడ అలికిన నల్లటి గీతలు. కింది గీత దాకా నాలుగు వేళ్ళ మందం. దాని మీద జానెడు. ఆ పైన జానెడున్నర. అన్నిటికంటే పైన, ఈ ఏటిది, మూరెడు.

"గిది అమ్మ వచ్చిన ఏడు. గిది మీదేడు. గిది పోయినేడు. గిది ఈయేడు, ఇంక అలుకనన్న అలుకలె. ఇగ ఆత్మకూరు కుప్ప గూడ సూడున్రి." అదీ చెక్కింది. నాలుగు వరసలూ నాలుగేసి వేళ్ళ మందమే, ఒక్కటీ పెరగలేదు.

డాక్టరమ్మ వంగి మూరెడు మందం ఉన్న వరసను చేత్తో తడిమింది. "ఏటికేడు పెరుగుతోంది భానుప్రకాశ్ గారూ" అంది.

అంతవరకూ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డ వెంకట్రాములు గిర్రున తిరిగి లోపలికి పోయాడు. అలిగి పోయాడనుకుంది బాలమ్మ. అయిదు నిమిషాల్లో రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చాడు. ఆత్మకూరు పేజీ తీసి, పేర్ల మీద వేలు పెట్టి చదవసాగాడు. చదివేకొద్దీ గొంతు తగ్గిపోయింది.

"కేరాఫ్ మేస్త్రి బాలయ్య, ఆత్మకూరు. కేరాఫ్ మేస్త్రి బాలయ్య. మళ్ళ బాలయ్యనే." లెక్కపెట్టాడు. నలభై ఆరులో ముప్పై మూడు. మొదటి ఏడు రెండు, తర్వాత ఆరు, తర్వాత పది, ఈ ఏడు పదిహేను.

ఆఫీసు ఫోన్లోంచి మేస్త్రికి కలిపారు. బాలయ్య పూణె సైటు మీద ఉన్నాడు. వెనక కాంక్రీటు మిషను చప్పుడు. "అవు సారు, అందరు తుమ్మలచెల్కోళ్ళే, నా లేబరు. రిపోర్టులు పోస్టుల వస్తయంటిరి గద? ఆళ్ళ ఊరికి పంపిస్తె తీస్కునేటోడు ఎవడున్నడు? ఊరు ఊరంత ఈడనే ఉన్నది. మా ఇంట్ల నా పెండ్లాముంటది, తీస్కోని నాకు ఫోన్ జేస్తది. గందుకే నా అడ్రసే రాయిపియ్యమన్న."

తప్పు ఎవరిదీ కాదు. అడిగినవాడు సరిగ్గానే అడిగాడు, చెప్పినవాళ్ళు ఉత్తరం చేరే చోటే చెప్పారు. అలా చెప్పీ చెప్పీ ఒక ఊరి జబ్బునంతా తీసుకుపోయి ఇంకో ఊరి నెత్తిన పెట్టారు.

వెంకట్రాములు ఆ సాయంత్రం స్కేలుతో రిజిస్టరులో కొత్త గడి గీశాడు. పైన ఎర్రసిరాతో 'సొంత ఊరు' అని రాసి, బాలమ్మ వైపు చూడకుండానే, "వచ్చే గురువారం నుంచి నువ్వు నా పక్కన నిలబడు. మట్టి జూసి చెప్పు, రాస్త" అన్నాడు.

భానుప్రకాశ్ కాగితాల మీద మండలం పేరు మార్చాడు. "సంక్రాంతి కాగానే వ్యాను పంపిస్తా" అన్నాడు సంతోషంగా.

"గప్పుడొస్తె తాళంకప్పలు సూసిపోతరు సారు. ముసలోళ్ళు, మేకలు తప్ప ఎవ్వరుండరు" అంది బాలమ్మ. "తొలకరికి రాండ్రి. ఇత్తనం ఎయ్యనీకి అందరొస్తరు."

ఒక్క పూటలో రెండోసారి ఆయన కాగితం మార్చుకున్నాడు.

జూన్‌లో రెండు వానలు పడ్డాక తుమ్మలచెల్క బడి ముందు తెల్లటి వ్యాను ఆగింది. బాలమ్మ ముందురోజే వచ్చింది. ఆ ఊరి మట్టి ఆ ఊళ్ళో రాలితే నేలలో కలిసిపోతుంది, ఎవరికి తెలుస్తుంది? అందుకని బడి వరండాలో నాపరాళ్ళను మూడుసార్లు కడిగింది. మెట్ల దగ్గర గంగాళం నిండా నీళ్ళు పెట్టి, కాళ్ళు కడుక్కోకుండా పైకెక్కితే ఊరుకునేది లేదని కేకలేసింది.

మణెమ్మది అంతకు మించిన హడావిడి. ఇంటింటికీ పోయి ఆడవాళ్ళను లాక్కొచ్చింది, ముసలివాళ్ళను చెయ్యి పట్టి ఎక్కించింది. మధ్యాహ్నానికి ఇద్దరి కింద చేటెడు చేటెడు మట్టి పడింది, వాళ్ళను అప్పటికప్పుడే జీపులో దవాఖానకు పంపారు. తొమ్మిదిమందికి నోట్లో తెల్లమచ్చలు కనిపించాయి. తంబాకు మానితే ముదరవని డాక్టరమ్మ చెప్పింది.

"మణెమ్మా, నువ్వు గూసోలే" అంది బాలమ్మ.

"నాకేమైందే అక్కా? మంచిగ తింటున్న, మంచిగ పంటున్న."

"గూసో అన్న గద!"

"గూసుంట తియ్యి, కండ్లెర్ర జెయ్యకు" అంటూ కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చుంది. కూర్చున్నంతసేపూ ఎవరినో ఒకరిని పిలుస్తూనే ఉంది. డాక్టరమ్మ టార్చి వేసి చూసి, "బాగానే ఉంది" అంది. మణెమ్మ గెలిచినట్టు అక్క వైపు చూసి లేచిపోయింది.

బాలమ్మ వంగి చూసింది. చేటెడు లేదు. ఏమీ లేనట్టే ఉంది. బెంచీ కోడు పక్కన, రెండు నాపరాళ్ళ సందులో, మునివేళ్ళకు వచ్చేంత ఎర్రమట్టి.

ఇంకెవరైనా అయితే ఊదేసేవాళ్ళు. కానీ ఆ రాళ్ళను కడిగింది తను, చెల్లెలి కాళ్ళు తడిగా పైకి రావడం చూసిందీ తనే. బాలమ్మ ఆ మట్టిని మునివేళ్ళతో ఎత్తి, అరచేతిలో పెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయింది.

"అమ్మా, ఇది మణెమ్మది."

పద్మజ ఆ అరచేతి మీదికి వంగి చూసింది. "ఇంతేనా?"

"ఇంతేనమ్మా. చిటికెడు."

"బాలమ్మా, నాలుగేళ్ళలో నువ్వెప్పుడైనా చిటికెడు మట్టి ఊడ్చావా?"

"ఊడ్వలేదు. అందరిది చేటెడే."

"ఇంత ముందుగా ఎవరూ దవాఖానకు రాలేదు కాబట్టి." డాక్టరమ్మ గబగబా టార్చి మళ్ళీ అందుకుంది. "పిలువు మీ చెల్లెల్ని."

ఈసారి అద్దం పెట్టి, బుగ్గను బాగా పక్కకు లాగి వెతికింది. చివరి పన్ను వెనకాల, నూకగింజంత మచ్చ. అందులోంచి రవ్వంత ముక్క తీసి సీసాలో వేసింది.

మణెమ్మకు అంతా అర్థమైంది. మెట్ల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "అమ్మ లెక్క పోత అక్కా. నాకు తెల్సు. అమ్మ లెక్కనే పోత."

బాలమ్మ పక్కన కూర్చుని ఆమె తలను గట్టిగా తన భుజానికి అదుముకుంది. "అమ్మది చేటెడు పిల్లా. నీది చిటికెడు. యాడ బోతవు నువ్వు? పోనిస్తనా?"

ముక్క పరీక్షలో క్యాన్సరే అని తేలింది, మొదట్లోనే ఉందనీ తేలింది. హైదరాబాదులో మచ్చనూ దాని చుట్టూ ఇంత కండనూ తీసేసి కుట్లు వేశారు. రెండు వారాలకు ఇంటికి పంపేశారు. నెల తిరిగేసరికి మణెమ్మ జొన్నరొట్టె నమిలి మింగి, "ఉప్పు తక్కువైంది" అని కూతుర్ని తిట్టింది. ఆ తిట్టు విని బాలమ్మ పక్కింటి వాళ్ళ దాకా పోయి చెప్పుకుంది.

వ్యాను మూడేళ్ళూ తొలకరికి వచ్చింది. తుమ్మలచెల్క కుప్ప మీద ఆ తర్వాతి ఏడు మూరెడు జానెడైంది, పై ఏడు నాలుగు వేళ్ళకు దిగింది. వెంకట్రాములు తన రిజిస్టరు చంకన పెట్టుకుని కుప్ప దగ్గరికి పోయి, కొలబద్దతో కొలిచి, 'సొంత ఊరు' గడి పక్కన మందం కూడా రాసుకునేవాడు. ఆడిట్ వాళ్ళు అడిగితే కుప్పనే చూపించాడట.

మూడో ఏడు వరండాలో టార్చి పట్టుకుని డాక్టరమ్మ పక్కన నిలబడింది మణెమ్మే. ఎడమ బుగ్గ కొంచెం లోపలికి పీక్కుపోయింది కానీ గొంతు మాత్రం రెండింతలైంది. ఆ సాయంత్రం అందరూ అయిపోయాక మేస్త్రి బాలయ్య వచ్చాడు. తన లేబరును లెక్క చూసుకోవడానికి వచ్చానన్నాడు. ఆయన కనబడగానే మగవాళ్ళు బీడీలు దాచారు, ఆడవాళ్ళు పక్కకు జరిగారు. ముప్పై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఎవరు పనికి పోవాలో, ఎవరు ఇంట్లో కూర్చోవాలో చెప్పేది ఆయనే.

"కాళ్ళు కడుక్కో మేస్త్రీ. వచ్చి గూసో" అంది మణెమ్మ.

వరండాలో అందరూ అటు తిరిగారు. మెట్ల దగ్గర ఊడుస్తున్న బాలమ్మ నీళ్ళ గంగాళాన్ని ఆయన ముందుకు జరిపింది.

"నాకెందుకే? నేను మంచిగనే ఉన్న."

"నేను గూడ గట్లనే అన్న." మణెమ్మ చెయ్యి చాపింది. "జేబుల పొట్లం ఈడ వెట్టు."

బాలయ్య ఊరి వాళ్ళ వైపు చూశాడు. ఒక్కరూ తల దించుకోలేదు. ఆయన మెల్లగా వంగి కాళ్ళు కడుక్కున్నాడు. జేబులోంచి తంబాకు పొట్లం తీసి మణెమ్మ చేతిలో పెట్టి, బెంచీ మీద ఒదిగి కూర్చున్నాడు.

"ఇగ నోరు తెరువు" అంది మణెమ్మ, టార్చి వెలిగించి.

బాలయ్య నోరు తెరిచాడు.