ఖమ్మం తీగ పీకిన ఆదివారం

ఆదివారం ఆరాధన ముగిసి, కల్లూరులో మేనత్త ఇంట్లో అందరూ భోజనాలకు కూర్చుంటుండగా రాజ్యశ్రీ ఫోన్ మోగింది. మణుగూరు దవాఖానాలో నర్సుగా ఉన్న జోజమ్మ చేసింది. ఆ దవాఖానా ఖమ్మంలోని ఒక పెద్ద ఆసుపత్రికి శాఖ. అన్ని శాఖల నెట్‌వర్కూ చూసుకునేది రాజ్యశ్రీయే.

"రాజ్యశ్రమ్మా, మా కంప్యూటర్ల పెట్టిన ఎక్స్‌రే యేసుదానం సారుకు తెరుచుకుంటలేదంట. ఈడ ఒకాయన చెయ్యి బాగ వాచింది."

ఆ ఒకాయన గనిలో పనిచేసే తుల్సీరాం. కాలనీలో ఇంటి మెట్ల మీద జారిపడ్డాడు. ఎక్స్‌రే చూసి చెప్పాల్సిన ఎముకల డాక్టరు యేసుదానం ఖమ్మంలో ఉన్నారు. ఆయన పాస్‌వర్డు కొట్టిన ప్రతిసారీ మణుగూరు నెట్‌వర్క్ 'అనుమతి లేదు' అంటోంది.

రాజ్యశ్రీ ల్యాప్‌టాప్ తెరిచి తనూ ప్రయత్నించింది. ఆమెనూ రానివ్వలేదు. ఖమ్మానికి ఫోన్ చేస్తే సంగతి తెలిసింది. కరెంటు పోయి వచ్చాక అక్కడి లాగిన్ సర్వర్ పాడైంది. ఎవరిని లోపలికి రానివ్వాలో అన్ని శాఖలకూ చెప్పేది అదే. బాగుచేయడానికి సాయంత్రమవుతుందట.

ఇలాంటి రోజు కోసమే ఆమె మణుగూరు రౌటర్‌లో ఒక అత్యవసర లాగిన్ పెట్టి ఉంచింది. కానీ రౌటర్ ముందు ఖమ్మాన్నే అడుగుతుంది. అక్కడి నుంచి అసలు జవాబే రాకపోతేనే తన దగ్గరున్న ఆ లాగిన్‌ను ఒప్పుకుంటుంది. ఇప్పుడేమో ఖమ్మం సర్వర్ సగం ప్రాణంతో ఉండి, అడిగినవాళ్లందరికీ కాదని చెబుతోంది. పూర్తిగా ఆగిపోయినా బాగుండేదనుకుంది.

పై అధికారి శాంతికుమార్‌కు ఫోన్ చేసింది.

"సార్, మణుగూరుల ఖమ్మం లైను పీకిపిద్దామా? రెండోది సిమ్ లైను ఉంది గద, దాని మీంచి నేను లోపలికి పోత."

"పీకియ్యి. ముందు పేషెంటు సంగతి సూడు."

రౌటర్ దగ్గరికి వెళ్లి తీగ పీకమని ఫోన్‌లో చెబితే జోజమ్మ మాత్రం జంకింది. "ఇవి ముట్టొద్దని ఈడ బోర్డు పెట్టిండ్రు గదమ్మా!"

"ఆ బోర్డు పెట్టింది నేనే అక్కా. ఇప్పుడు నేనే చెప్తున్న, ముట్టుండ్రి. పసుపుపచ్చ తీగ."

"పసుపుపచ్చవి రెండున్నయి. ఏది?"

"గోడలోంచి వచ్చేది."

"ప్రభువా, నీదే భారం," అంటూ జోజమ్మ పీకేసింది.

రాజ్యశ్రీ అత్యవసర పాస్‌వర్డు కొట్టింది. రౌటర్ కాసేపు ఖమ్మం కోసం ఎదురుచూసింది. జవాబు రాలేదు. తలుపు తెరుచుకుంది. వెంటనే డాక్టరుకు ఒక తాత్కాలిక లాగిన్ తయారుచేసి ఇచ్చింది.

ఎక్స్‌రే చూసిన యేసుదానం జోజమ్మకు ఫోన్‌లో చెప్పారు. "చిన్న చీలికే. ఎముక పక్కకు జరగలే. అక్కడి డాక్టరుతోనే కట్టు వేయించుండ్రి. ఖమ్మం రావాల్సిన పని లేదు."

అప్పటికే తుల్సీరాం భార్య రూప్లి ఖమ్మం ప్రయాణానికి బట్టల సంచి సర్దుకుని, మేకలను చూసుకోమని పక్కింటివాళ్లకు చెప్పి వచ్చింది. విషయం విని జోజమ్మ చేతిలోంచి ఫోన్ తీసుకుని రాజ్యశ్రీతో మాట్లాడింది.

"మా ఆయన చెయ్యి డాక్టరుకు సూపిచ్చింది నువ్వేనా బిడ్డా? సల్లగుండు."

"జర పైలంగ సూసుకోండమ్మా," అంది రాజ్యశ్రీ. ఫోన్ పెట్టేశాక కూడా ఆమె ముఖం మీద నవ్వు పోలేదు.

సాయంత్రానికి సర్వర్ బాగైంది. జోజమ్మ తీగ మళ్లీ పెట్టింది. రాజ్యశ్రీ డాక్టరుకు ఇచ్చిన లాగిన్ తీసేసి, అత్యవసర పాస్‌వర్డు మార్చింది.

ఆ తరువాతి వారం శాంతికుమార్ అన్ని శాఖలవాళ్లనూ వీడియో కాల్‌లో కూర్చోబెట్టి తీగ పీకడం సాధన చేయించాడు. ఎలా పీకాలో చూపించే పని జోజమ్మకే అప్పజెప్పాడు. భద్రాచలం శాఖలో కొత్తగా చేరిన స్తుతి తీగ పట్టుకుని, పీకలేక ఆగిపోయింది.

"ఏం కాదు, పీకు బిడ్డా," అంది జోజమ్మ. "అదేమన్న కరుస్తదా!"